తాతగారి పతకాలకు ఫ్రేము కట్టించుకున్న దుకాణం గురించి

మా తాతగారు నిరుడు మాఘమాసంలో, తొంభై ఒకటో ఏట, కన్నుమూశారు. సంవత్సరీకం నాటికి ఆయన సైనిక పతకాలనూ, 1974లో బెంగళూరు స్టూడియోలో తీయించుకున్న నలుపు తెలుపు ఫొటోనూ ఒకే ఫ్రేములో పెట్టించాలని అనుకున్నాము. తాడేపల్లిగూడెంలో ఆ పని చేసిచ్చిన చిన్న ఫ్రేముల దుకాణం గురించి, ఇలాంటి అవసరం ఉన్న కుటుంబాలకు ఉపయోగపడుతుందని, వివరంగా రాస్తున్నాను.

మొదట వేరే ఊళ్లో ఒక దుకాణంలో పతకాలు ఇచ్చాము. వారు అడగకుండానే ఒక దానికి మెరుగు పెట్టారు. అంచు మీద చెక్కిన తాతగారి నంబరు, పేరు కాస్త అరిగిపోయాయి. మిగిలినవి అప్పటికప్పుడే వెనక్కి తెచ్చుకున్నాము. గూడెం దుకాణదారు ఆ అరిగిన పతకాన్ని భూతద్దంతో చూసి, “నంబరు చెరిగిపోతే ఇది ఎవరిదో చెప్పేదెవరండీ? మెరుపు లేకపోయినా ఫర్వాలేదు” అన్నారు. ఎంతోమంది సైనికులున్న మిలిటరీ మాధవరం అనే ఊరు దగ్గరలోనే ఉండడం వల్ల ఇలాంటి పతకాలు ఆయన చేతికి తరచూ వస్తుంటాయట.

తాతగారు 1953లో సైన్యంలోని ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్లలో చేరి, 24 ఏళ్లు పనిచేసి, నాయబ్ సుబేదారుగా పదవీ విరమణ చేశారు. 1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధంలో, షకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ నది దగ్గర మందుపాతరలు తీసిన జట్టులో ఉన్నారు. బాట పూర్తిగా సిద్ధం కాకముందే మన ట్యాంకులు నది దాటవలసి వచ్చిన ఆ రాత్రి గురించి మేము ఎంత అడిగినా, “మా పని మేము చేశామురా” అనేవారు తప్ప ఇంకేమీ చెప్పేవారు కాదు. ఊరికి వచ్చాక మూడెకరాలు సాగు చేసుకుంటూ, ముగ్గురు పిల్లల పెళ్లిళ్లు చేసి, ముని మనవళ్లకు అక్షరాభ్యాసం కూడా తానే చేయించారు. ప్రతి జనవరి 26న బడిలో జెండా ఎగరేసేటప్పుడు మాత్రం పతకాలు పెట్టుకునేవారు.

దుకాణదారు పతకాలను సైజును బట్టి పేర్చలేదు. ఫొటోలో తాతగారి ఛాతీ మీద ఉన్న వరుసనే చూసి, పశ్చిమీ స్టార్, రక్షా మెడల్, సంగ్రామ్ మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్ అదే క్రమంలో అమర్చారు. జిగురు వాడకుండా, ముదురు నీలం మఖమలు మీద రిబ్బన్లను సన్నని దారంతో కుట్టారు. అద్దం పతకాలకు తగలకుండా లోతైన పెట్టెలాంటి ఫ్రేము చేశారు. వెనుక చెక్కకు నాలుగు మరలే ఉన్నాయి కాబట్టి, ఎప్పుడు కావాలన్నా తెరిచి పతకాలు తీసుకోవచ్చు. నాకు అన్నింటికంటే నచ్చినది ఇదే.

లోపాలూ చెప్పాలి. వారంలో ఇస్తామన్నది పన్నెండు రోజులు పట్టింది. ఫొటో మీద వాన నీటి మరకలు తీయడంలో మొదటిసారి ముఖాన్ని మరీ నున్నగా చేసేశారు. నాయనమ్మ దానిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, “ఈయన కనుబొమ్మ మీద గాటేదిరా? ఈయన మీ తాత కాదు” అని పక్కన పెట్టేసింది. ఆ మాట యథాతథంగా చెప్పగానే దుకాణదారు వాదించలేదు. అదనంగా ఒక్క రూపాయి తీసుకోకుండా, మరకలు మాత్రమే తొలగించి, ఎడమ కనుబొమ్మను చీల్చుకుపోయిన ఆ సన్నని గీతనూ, కళ్ల కింది ముడతలనూ అలాగే ఉంచి మళ్లీ ప్రింటు తీశారు.

మొత్తం 3,400 రూపాయలు అయింది. పనితనానికి అది ఎక్కువ కాదని నా అభిప్రాయం. తిథికి కనీసం మూడు వారాల ముందే వెళ్లండి, పతకాలు పెట్టుకున్న పాత ఫొటో ఏదైనా ఉంటే తప్పకుండా వెంట తీసుకువెళ్లండి. మా ఫ్రేము ఇప్పుడు హాల్లో, తాతగారు పొద్దున్నే రేడియో పెట్టుకుని కూర్చునే కుర్చీకి ఎదురుగా ఉంది. ఎత్తు మాత్రం నాయనమ్మ చెయ్యి అందేటట్లు చూసి మేకు కొట్టించాము.