కాంక్రీటు బిట్‌తో పాటు ఆయిల్ స్ప్రే అంటగడితే తీసుకోకండి

సొంతంగా డ్రిల్ మెషిన్ వాడేవాళ్లు దయచేసి ఇది చదవండి. పోయిన నెల నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

అమ్మ వాళ్ల ఫ్లాట్‌లో బాత్రూమ్ గోడకు 25 లీటర్ల గీజర్ బిగించాలి. ఇటుక గోడ కాదు, మివాన్ కాంక్రీటు, అంటే అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడ. హ్యామర్ డ్రిల్ ఇంట్లోనే ఉంది కాబట్టి దానికి సరిపోయే ఎస్‌డీఎస్ ప్లస్ బిట్ల (డ్రిల్‌కు పెట్టే, రంధ్రం వేసే కడ్డీల) కోసం రాణిగంజ్‌లో ఒక షాపుకు వెళ్లాను. అతను బిట్లతో పాటు ఒక స్ప్రే డబ్బా చేతిలో పెట్టాడు. "కాంక్రీటుకు బిట్ మాడిపోతుంది సార్, రంధ్రం వేస్తున్నంతసేపూ మొన మీద ఇది కొడుతూ ఉండండి" అన్నాడు. ఇనుముకు రంధ్రం వేసేటప్పుడు నూనె వేస్తారు కదా, ఇదీ అంతే అనుకుని 350 రూపాయలు ఇచ్చాను.

అది పూర్తిగా తప్పు సలహా. ఇనుమును బిట్ చెక్కుతుంది. కాంక్రీటును మాత్రం దెబ్బలతో పొడి చేస్తుంది. ఆ పొడి బిట్ మీది మెలికల గాడుల్లోంచి బయటికి రావాలి. నూనె తగిలితే పొడి ముద్దయి గాడుల్లోనే గట్టిపడుతుంది. రెండో రంధ్రం సగంలో ఉండగానే బిట్ ఇరుక్కుపోయింది. పైప్ రెంచ్ పెట్టి లాగితే బిట్ వచ్చింది కానీ దాని కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) మొన గోడలోనే ఉండిపోయింది. ఆ మొనను ఉక్కు కడ్డీకి అతికిస్తారు, వేడి ఎక్కువైతే అతుకు ఊడిపోతుంది.

బిట్ పోతే పోయింది. నాకు భయం వేసింది మొదటి రంధ్రం చూశాకే. అందులో యాంకర్ ఫాస్టెనర్ (బరువులు తగిలించడానికి గోడలో బిగించే బోల్టు) పెట్టి నట్ బిగిస్తుంటే, గోడను పట్టుకోకుండా నట్‌తో పాటే తిరిగింది. చేత్తో లాగితే బయటికి వచ్చేసింది, దాని ఒళ్లంతా నూనె ముద్ద. ఫాస్టెనర్ నిలబడేది గోడను ఒరుసుకుని పట్టుకోవడం వల్లే, నూనె ఆ పట్టునే తీసేస్తుంది. గీజర్ నిండితే నీళ్ల బరువే 25 కిలోలు. దాని కిందే అమ్మ స్నానం చేయాలి.

మెషిన్ రిపేరుకిస్తే మెకానిక్ చక్ (బిట్‌ను పట్టుకునే భాగం) విప్పి చూపించాడు. లోపలంతా ఎండిన దుమ్ము, అరుగుదల. నిజానికి గ్రీజు కావాల్సింది అక్కడే. ఎస్‌డీఎస్ బిట్ వెనక భాగం చక్‌లో ముందుకూ వెనక్కీ జారుతూ దెబ్బ తింటుంది. షాపతను దీని గురించి ఒక్క మాట చెప్పలేదు. ఇప్పుడు నేను బిట్ పెట్టే ముందు వెనక భాగం గుడ్డతో తుడిచి, కందిగింజంత గ్రీజు రాస్తున్నాను. మొన పూర్తిగా పొడిగా ఉంటుంది. తిరుగుతుండగానే మధ్యమధ్యలో బయటికి లాగి పొడి రాల్చాలి. వేడెక్కితే పక్కన పెట్టి దానంతటదే చల్లారనివ్వండి. బకెట్ నీళ్లలో ముంచితే కార్బైడ్ పగులుతుంది, ఇది చాలామంది చేసే పొరపాటు.

కొనేటప్పుడు మొనను దగ్గరగా చూడండి. దాని వెడల్పు కడ్డీ కంటే కొంచెం ఎక్కువ ఉండాలి, అతుకులో సందులు కనిపించకూడదు. పీజీఎం గుర్తు ఉన్న బిట్ దొరికితే మంచిది. గోడ బిట్ల కొలతలు సరిగ్గా ఉన్నాయని జర్మనీలో ఇచ్చే గుర్తు అది.

నేను చేసిన ఇంకో తప్పు కచ్చా చీటీతో వచ్చేయడం. వెనక్కి తీసుకెళ్తే "వాడిన సరుకు తీసుకోం" అన్నారు. బిల్లు ఉంటే 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసేవాణ్ని. మీరు బిల్లు అడిగి తీసుకోండి.

ఆ రంధ్రాలు మూసేసి, దూరంగా కొత్తవి వేసి గీజర్ బిగించాం. ఇలా నూనె వేసిన రంధ్రాల్లో గీజరో ఏసీ యూనిటో ఇప్పటికే తగిలించినవాళ్లు ఉంటే, ఈ రోజే తెలిసిన మెకానిక్‌ను పిలిపించి ఫాస్టెనర్లు కదులుతున్నాయేమో చూపించండి.