లక్సర్ గుడి: చోటుకి ఐదు స్టార్లు, గైడ్‌కి రెండే

ఈజిప్టు వెళ్లినవాళ్లు చాలామంది పిరమిడ్లు చూసి వచ్చేస్తారు గానీ, దేవుడు మగా ఆడా అన్న ప్రశ్న మీద కాస్త ఆసక్తి ఉన్నా లక్సర్ గుడికి వెళ్లండి, ప్రాచీన ఈజిప్టు మతం, ఇస్లాం, ఈ రెండు మతాల జవాబులూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. మేం హోటల్లో చెప్పి గైడ్‌ని మాట్లాడుకుని సాయంత్రం వెళ్లాం.

గుడి ప్రాచీన ఈజిప్టు దేవుడు అమున్‌ది. ఎక్కువ భాగం ఫారో (ఈజిప్టు రాజు) మూడో అమెన్‌హోటెప్ కట్టించాడు, అంటే 3,300 ఏళ్లు దాటింది. ముందు ప్రాంగణం తర్వాతి ఫారో రెండో రామ్సెస్‌ది. ఓపెట్ పండగకి అమున్, భార్య ముట్, కొడుకు ఖొన్సు దగ్గర్లోని కర్నాక్ గుడి నుంచి సకుటుంబంగా ఇక్కడికి పడవల మీద ఊరేగి వచ్చేవారు. ప్రాచీన ఈజిప్షియన్ల లెక్కలో ఆకాశం ఆడ, పేరు నూట్. నేల మగ, గెబ్. భూదేవికి దండం పెట్టే మనకి ఇది పూర్తిగా తిరగేసిన లెక్క! రామ్సెస్ పెద్ద విగ్రహాల సింహాసనం పక్కలు తప్పకుండా చూడండి, నైలు వరద దేవుళ్లు జంటగా ఉంటారు, మగవాళ్లే, కానీ రొమ్ములు వేలాడుతుంటాయి. మా గైడ్ అక్కడ ఆగనే లేదు, అడిగితే "ఫర్టిలిటీ సర్" అని నడిచిపోయాడు. రాణి ముటెమ్వియా దగ్గరికి అమున్ వచ్చి అమెన్‌హోటెప్ పుట్టడాన్ని చెక్కిన గదిలోనూ అదే హడావుడి. చెక్కడాలు బాగా అరిగాయి, వేలు పెట్టి చూపించేవాడు లేకపోతే ఏమీ తెలియదు, డబ్బులిచ్చింది అందుకే కదా.

ఇక అబూ హగ్గాగ్ అనే సూఫీ గురువు పేరిట ఉన్న మసీదు. రామ్సెస్ ప్రాంగణంలోనే, పాత తలుపు గాల్లో వేలాడుతున్నట్టు పైన ఉంటుంది, ఎందుకంటే అది కట్టినప్పుడు గుడి ఆ ఎత్తు దాకా పూడిపోయి ఉంది. దారి బయట వీధి వైపు నుంచి. లోపల ఫారోల కాలపు చెక్కడాలున్న స్తంభాల మధ్యే నమాజు. దేవుడు ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు అని ఖురాన్ 112వ అధ్యాయం. ఆయనకి భార్య లేదు, లింగమూ లేదు. ఆ పుట్టుక గదికి కూతవేటు దూరంలో ఈ మాట! అయినా సూఫీలు ఆయన నామాల్లో జలాల్ అనే గాంభీర్యాన్నీ, జమాల్ అనే సౌందర్యాన్నీ విడిగా చూశారు, వాటిని మగ, ఆడ గుణాలుగా పోల్చినవాళ్లూ ఉన్నారు. ఇది మా గైడ్ ఎత్తనే లేదు. ఇప్పటికీ ఇస్లామిక్ క్యాలెండర్‌లోని షాబాన్ నెలలో అబూ హగ్గాగ్ ఉత్సవానికి వీధుల్లో పడవలు ఊరేగిస్తారు. ఓపెట్‌కి కొనసాగింపే అంటారు, నాకూ నమ్మాలనే ఉంది గానీ రుజువు వేరే సంగతి.

గైడ్‌ని మాట్లాడుకునేటప్పుడే పుట్టుక గది, మసీదు రెండూ కావాలని ఖరాఖండిగా చెప్పండి. ఆడవాళ్లు తలకి స్కార్ఫ్ పట్టుకెళ్లండి.