కూర్చోబెట్టి కొలత తీసే టైలర్: పొట్ట ఉన్నవాళ్ళ కోసం నా రివ్యూ

"కూర్చోండి టీచర్ గారూ, నడుం కొలత కూర్చున్నాకే తీస్తాను" అంటే మొదట నాకర్థం కాలేదు. నాకిప్పుడు 46 ఏళ్ళు. ఓణీలు వేసుకునే రోజుల నుంచి ఎంతమంది టైలర్ల దగ్గరికి వెళ్ళానో లెక్కలేదు, ఒక్కరూ నన్ను కూర్చోబెట్టి కొలవలేదు. అందరూ నిలబెట్టి టేపు చుట్టేవాళ్ళే, టేపు చుట్టగానే మనం తెలియకుండానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాం కదా, ఆ లాక్కున్న కొలతే పుస్తకంలోకి ఎక్కేది. ఈ టైలరమ్మ ప్లాస్టిక్ స్టూలు జరిపి "బళ్ళో పేపర్లు దిద్దేటప్పుడు ఎట్లా కూర్చుంటారో అట్లా కూర్చోండి, ఊపిరి వదిలెయ్యండి" అంది. నిలబడితే 40 అంగుళాలు, కూర్చుంటే 43న్నర. ఇన్నేళ్ళుగా నా నడుం చుట్టూ ఒరుసుకుపోయింది ఆ మూడున్నర అంగుళాల దగ్గరే.

షాపు గుంటూరు బ్రాడీపేటలో, ఒక ఇంటి మెట్ల కింద గది. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల. భర్త కత్తిరిస్తాడు, ఆవిడ కొలతలు తీసి కుడుతుంది. ఏడాదిగా అక్కడే కుట్టిస్తున్నాను, ఆరు లంగాలు, నాలుగు కుర్తీలు, జాకెట్లు ఎన్నో. స్టాఫ్ రూములో అందరూ అడుగుతున్నారు, ప్రతిసారీ నోటితో చెప్పేకంటే రాసిపెడితే మేలనిపించింది.

ముందు లంగాల సంగతి, ఎందుకంటే అసలు బాధంతా అక్కడే ఉంది. రెండు సిజేరియన్ల తర్వాత నా పొట్ట కింది భాగం మడత పడింది. చీర జారకూడదంటే బొందు బిగించాలి, బిగిస్తే అది సరిగ్గా ఆ మడతలోకి దిగుతుంది. పొద్దున ఎనిమిదింటికి కట్టుకుంటే సాయంత్రం ఐదింటికి విప్పేసరికి నడుం చుట్టూ తాడు అచ్చు, ఎండాకాలమైతే చెమటకి తోలు ఒరిసి మంట. పౌడర్ చల్లుకుని పడుకోవడం, తెల్లారి మళ్ళీ అదే చోట బిగించడం. మా అమ్మకి కూడా అక్కడ నల్లగా గట్టిపడిన చార ఉండేది, ఆడవాళ్ళన్నాక ఉంటుందిలే అనుకునేదాన్ని. 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో మహారాష్ట్రలోని వార్ధా, బీహార్‌లోని మధుబని డాక్టర్లు రాసినది పేపర్లో చదివినప్పుడు మాత్రం గుండె ఝల్లుమంది. ఏళ్ళ తరబడి నడుం దగ్గర చీర బిగించి కట్టుకున్న ఇద్దరు పెద్దావిడలకి ఆ ఒరిపిడి చోటే మానని పుండు పడి, చివరికి చర్మ క్యాన్సర్ అని తేలింది. తప్పు చీరది కాదు, బిగుతుది అని వాళ్ళ మాట. అది చాలా అరుదు, ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు. కానీ నడుం దగ్గర మానని పుండో, రంగు మారి పొలుసులు లేస్తున్న చారో ఉంటే పౌడరు చల్లి ఊరుకోకుండా చర్మ డాక్టరుకి చూపించండి.

ఈవిడ కుట్టే లంగాకి అసలు బొందు ఉండదు. పైన మూడు అంగుళాల వెడల్పు బెల్టు, రెండు పొరల మెత్తని పాప్లిన్‌తో. వెనక సగానికి మాత్రం ఎలాస్టిక్, ముందు సాఫీగా. ఎడమ పక్క చీలిక దగ్గర ప్యాంట్లకి వేసే చదును హుక్కులు రెండు, వాటిని తగిలించడానికి మూడు వరసల కొలికీలు. పొద్దున లోపలి వరస, భోజనం తర్వాత మధ్య వరస, నెలసరి రోజుల్లో పొట్ట ఉబ్బితే చివరి వరస. బరువంతా ఒక తాడు మీద కాకుండా మూడంగుళాల పట్టీ మీద పరుచుకుంటుంది కాబట్టి విప్పాక అచ్చు పడదు. ఆరు ముక్కల కట్, కాళ్ళ దగ్గర వెడల్పు ఎక్కువ లేదు, బస్సెక్కడానికి సరిపోయేంత ఉంది. చీర జారదా అని అందరూ అడుగుతారు. కుచ్చిళ్ళు దోపాక లోపలి నుంచి బెల్టుకి ఒక పిన్ను పెడతాను, సాయంత్రం దాకా కదలదు.

ఇంకో మాట ఆవిడే చెప్పింది. బొడ్డుకి బాగా కిందగా, పొట్ట మడత కింద కట్టుకోవడం నా అలవాటు. అట్లా కడితే పొట్ట చీర మీదకి వాలుతుంది, కుచ్చిళ్ళు ముందుకి తన్నుకొస్తాయి. బొడ్డు మీదికి వచ్చేట్టు కట్టి చూడమంది. రెండు రోజులు ఎబ్బెట్టుగా అనిపించింది, మూడో రోజు నుంచి అలవాటైపోయింది. ఐదున్నర మీటర్ల చీరే అందరికీ, నడుం చుట్టూ ఎక్కువ తిరిగితే కుచ్చిళ్ళు తగ్గుతాయి, ఏడు రావట్లేదని బాధపడకుండా ఐదే వెడల్పుగా పెట్టి చదునుగా నొక్కితే నడవడానికీ హాయి. గంజి పెట్టిన కొత్త కాటన్ చీర మాత్రం పొట్ట దగ్గర బుట్టలా నిలబడుతుంది, రెండు మూడు ఉతుకులయ్యాకే బడికి కడుతున్నాను.

కుర్తీల దగ్గరే ఈ షాపు పనితనం నిజంగా కనపడింది. రెడీమేడ్ కుర్తీ నేను వేసుకుంటే ముందు అంచు పైకి లేచి, వెనక కిందికి వేలాడేది. సైజు చిన్నదేమోనని డబుల్ ఎక్సెల్ నుంచి త్రిబుల్ ఎక్సెల్‌కి వెళ్ళాను, అప్పుడు పొట్ట దగ్గర సరిపోయింది గానీ భుజాలు జారిపోయి అక్కవి అడిగి వేసుకున్నట్టుంది. ఆవిడ చేత్తో చూపించింది: "ముందు గుడ్డ పొట్ట ఎక్కి దిగాలి కదండీ, అక్కడే ఒక అంగుళం తినేస్తుంది. వెనక గుడ్డ తిన్నగా దిగుతుంది. రెండూ ఒకే పొడుగు కోస్తే ముందు లేవదా మరి." అందుకని ముందు భాగం మధ్యలో అంగుళంపావు ఎక్కువ వదిలి, పక్కలకి వచ్చేసరికి సమానం చేసి కోస్తారు. భుజాలు నా భుజాల కొలతే, ఛాతీ నా ఛాతీ కొలతే, పొట్ట దగ్గర మాత్రమే వెడల్పు. పక్క కట్ కూడా నడుం ఎముక దగ్గర కాకుండా నాలుగు వేళ్ళు కిందికి దించారు, లేకపోతే కూర్చున్నప్పుడు ఆ కట్ నోరు తెరుచుకుని లెగ్గింగ్ బెల్టు బయటపడుతుంది. మొదటి కుర్తీ వేసుకుని అద్దంలో పక్కకి తిరిగి చూసుకున్నాను. కింది అంచు ముందూ వెనకా ఒకే గీత మీద ఉంది. పొట్ట ఉంది, కనపడుతోంది కూడా, కానీ బట్ట నా మీద సరిగ్గా కూర్చుంది. ఆ రోజు ఫోటోలో పిల్లల వెనక దాక్కోకుండా ముందు వరసలో నిలబడ్డాను.

గుడ్డ మంగళగిరి కాటన్ తీసుకున్నా, మనకి పక్కనే కాబట్టి మీటర్ల లెక్కన దొరుకుతుంది. ఒంటికి అంటుకోదు, అలాగని బుట్టలా నిలబడదు. కుట్టడానికి ఇచ్చే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేయండి, మగ్గం గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. జార్జెట్, లైక్రా కలిసిన మెత్తటి గుడ్డలు నాకు పడలేదు, ప్రతి మడతనీ పట్టుకుంటాయి.

ఈ షాపుకి రాకముందు ఆన్‌లైన్‌లో చీర కింద వేసుకునే షేప్‌వేర్ ఒకటి తెప్పించాను. పెళ్ళిలో మూడు గంటలకి పర్వాలేదు. ఎండల్లో బళ్ళో రోజంతా అంటే నరకం: నైలాన్, గాలాడదు, పై అంచు చుట్ట చుట్టుకుని కడుపు కోసేస్తుంది, బాత్రూముకి వెళ్ళాలంటే భయపడి నీళ్ళు తాగడం మానేశాను. నీళ్ళు మానుకోవాల్సి వచ్చే బట్ట ఏదైనా సరే నాకొద్దు. ఒక పెద్ద బట్టల షాపులో సేల్స్ అమ్మాయి నన్ను పైనుంచి కిందికి చూసి "మీకు ఇక్కడేం రావు ఆంటీ" అన్నది కూడా గుర్తుంది. ఖాళీ చేతులతో ఇంటికి వచ్చి నెల రోజులు కొత్త బట్ట కొనలేదు. ఇక్కడ కొలత పుస్తకంలో నా పేరు పక్కన అంకెలే ఉంటాయి, తగ్గండి అని ఏడాదిలో ఒక్కసారీ అనలేదు.

లోపాలు కూడా ఉన్నాయి. వారం అంటే రెండు వారాలు, శ్రావణమాసంలో అయితే ఇంకా ఎక్కువ. ట్రయల్ వేసుకోవడానికి ఒక మూల కర్టెన్ మాత్రమే, అది పూర్తిగా మూసుకోదు, ఒకరిని తోడు తీసుకెళ్ళండి. మొదటి రెండు లంగాల హుక్కులకి తుప్పు పట్టి బెల్టు మీద మరక పడింది, చెప్తే డబ్బులు తీసుకోకుండా స్టీల్‌వి వేసిచ్చారు. లంగా కుట్టుకూలి గుడ్డ కాకుండా 280, కుర్తీ 450. బొందు లంగా రేటుకి రెట్టింపు అవుతుంది నిజమే, ఏడాది కట్టినా నావి ఒక్క కుట్టు ఊడలేదు.

వెళ్ళేవాళ్ళు పాత జాకెట్టో కుర్తీనో ఆదికి ఇవ్వకండి, మీరే వెళ్ళి కొలతలు ఇవ్వండి, అదీ భోజనం చేశాక. పక్క కుట్ల లోపల ఒక్కో వైపు అంగుళంన్నర గుడ్డ వదలమని మరీ చెప్పండి. నేను గత నెల ఒక కుర్తీకి అలాగే వదులు చేయించుకున్నాను, పది నిమిషాల పని, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి అక్కడికక్కడే కుట్టిచ్చింది.