అమెరికాలో షార్ట్ ఫిల్మ్ తీశాక ఏది మేలు: ఫెస్టివలా, యూట్యూబా?

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ వీకెండ్లలో షార్ట్ ఫిల్మ్ తీసే మనవాళ్లకి ఒక అలవాటుంది. ఎడిటింగ్ అయిన మర్నాడే యూట్యూబ్‌లో ఎక్కించేసి, లింకు పట్టుకుని వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతారు. హైదరాబాద్‌లో అది పనిచేసింది కదా అని. నిజమే, అక్కడ పనిచేసింది. తరుణ్ భాస్కర్ షార్ట్ ఫిల్మ్ ‘సైన్మా’ 2015లో వచ్చింది, మరుసటేడే ‘పెళ్ళిచూపులు’. ఫోన్‌లో చూసి నచ్చితే ‘ఎవడ్రా ఈ కుర్రాడు, ఓసారి రమ్మను’ అనేవాళ్లు ఉన్న ఊరు అది. లాస్ ఏంజెలెస్‌లో అలా ఎవరూ పిలవరు. అక్కడ అడిగే మొదటి ప్రశ్న, ఏ ఫెస్టివల్‌లో ఆడింది అని.

కాబట్టి దారులు మూడు: సన్‌డాన్స్ లాంటి పెద్ద ఫెస్టివల్స్, ఏషియన్ అమెరికన్లు తమకోసం పెట్టుకున్న ఫెస్టివల్స్, యూట్యూబ్. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తా. ముందు ఏషియన్ ఫెస్టివల్స్, ఒక ఏడాది అయ్యాక యూట్యూబ్, పెద్దవాటికి లాటరీ టికెట్ కొన్నట్టు ఒకటో రెండో అప్లికేషన్లు. పరువు కోసం కాదు, మన కథని ఎవరు చూస్తారనుకుని తీస్తున్నాం అన్న లెక్క మీద.

లాటరీ అని ఊరికే అనలేదు. 2024 సన్‌డాన్స్‌కి వచ్చిన షార్ట్స్ 12,098, తీసుకున్నవి 53. అంటే దాదాపు 230కి ఒకటి. ఫెస్టివల్స్‌కి సినిమాలు పంపే వెబ్‌సైట్ ఫిల్మ్‌ఫ్రీవేలో ఒక్కో అప్లికేషన్‌కి పాతిక డాలర్ల నుంచి డెబ్బై ఎనభై దాకా గుంజుతారు, డెడ్‌లైన్ దగ్గరపడేకొద్దీ రేటు పెరుగుతుంది. ఇరవై చోట్లకి పంపితే ఇంకో షార్ట్ తీసేంత డబ్బు అక్కడే అయిపోతుంది.

డబ్బు పోతే పోయింది, స్క్రిప్టు పాడవడమే అసలు నష్టం. పెద్ద ఫెస్టివల్ జ్యూరీని మనసులో పెట్టుకుని రాసిన స్క్రిప్టు ఇట్టే దొరికిపోతుంది. పొద్దున్నే వంటింట్లో అమ్మ వేపపువ్వు ఏరుతూ ఉంటుంది (అమెరికాలో వేపపువ్వు ఎక్కడ దొరికిందనేది వేరే కథ), కాలేజీ నుంచి సెలవులకొచ్చిన కూతురు గిన్నెలోకి తొంగిచూసి ‘ఓ, ఈ రోజు ఉగాది కదమ్మా, మన తెలుగువాళ్ల కొత్త సంవత్సరం, ఆరు రుచులూ కలిపి పచ్చడి చేసుకుంటాం’ అంటుంది. ఏ ఇంట్లో ఏ కూతురు వాళ్లమ్మకి ఉగాది పాఠం చెబుతుందండీ? ఇంట్లో వినపడేది ‘స్నానం చేశావా? చెయ్యకుండా ముట్టుకోకు’ అన్న కేక. ఆ ఒక్క కేకలో అమ్మ, కూతురు, పండగ, పాత చాదస్తం, నాలుగేళ్ల హాస్టల్ జీవితం అన్నీ ఉన్నాయి. కానీ తెల్లవాళ్లకి అర్థం కాదేమోనన్న టెన్షన్‌లో దాన్ని కొట్టేసి పాఠం రాస్తారు. స్కూల్లో పులిహోర డబ్బా తెరిస్తే పక్కపిల్లలు ముక్కు మూసుకునే సీనూ ఆ బాపతే. ఎవరి జీవితంలోనూ జరగలేదని కాదు, జరిగింది, కానీ ప్రతి షార్ట్‌లోనూ అదే డబ్బా తెరుచుకుంటుంటే చూసేవాళ్లకి విసుగు రాదూ?

2002లో ఏషియన్ అమెరికన్ డైరెక్టర్ జస్టిన్ లిన్ తీసిన ‘బెటర్ లక్ టుమారో’ సన్‌డాన్స్‌లో ఆడింది. అది ఫీచర్ (పూర్తి నిడివి) సినిమానే అయినా ఇక్కడ చెప్పుకోవాలి. బాగా చదివే ఏషియన్ కుర్రాళ్లు నేరాల్లోకి దిగే కథ. షో అయ్యాక ప్రేక్షకుల్లో ఒకాయన లేచి, మీవాళ్లని మీరే ఇలా చూపిస్తారా అన్న ధోరణిలో నిలదీశాడు. దానికి విమర్శకుడు రోజర్ ఈబర్ట్ కుర్చీలోంచి లేచి అరిచినంత పని చేశాడు, తెల్ల డైరెక్టర్లనైతే ఈ మాట ఎవరైనా అడుగుతారా అని. మంచి పని చేశాడు. కానీ ప్రతి షోకీ ఒక ఈబర్ట్ రాడు కదా.

అలాగని పెద్ద ఫెస్టివల్ అంటే తప్పనిసరిగా పాఠం చెప్పాలనీ కాదు. షాన్ వాంగ్ ఉన్నాడు. కాలిఫోర్నియాలో మనవాళ్లు బోలెడంతమంది ఉండే ఫ్రీమాంట్‌లో పెరిగినవాడే. ఒకే ఇంట్లో ఉంటున్న తన నాయనమ్మనీ అమ్మమ్మనీ కెమెరా ముందు కూర్చోబెట్టి 17 నిమిషాల డాక్యుమెంటరీ తీశాడు, ‘నైనై అండ్ వైపో’. ఆ ముసలమ్మలిద్దరూ చేతులు పట్టుకుని బలం చూసుకుంటారు, డాన్సులేస్తారు, చావు గురించి మామూలుగా మాట్లాడుకుంటారు. తైవాన్ గురించి ఉపన్యాసం లేదు. 2023లో సౌత్ బై సౌత్‌వెస్ట్ అనే పెద్ద ఫెస్టివల్‌లో జ్యూరీ అవార్డూ ప్రేక్షకుల అవార్డూ రెండూ దానికే వచ్చాయి, తర్వాత ఆస్కార్ నామినేషన్, 2024 సన్‌డాన్స్‌లో అతని మొదటి ఫీచర్. అంటే 230లో ఒకడు ఉంటాడు, కాదనను.

మిగతావాళ్లకి ఏషియన్ ఫెస్టివల్స్ మేలు. ఇవి నిన్నగాక మొన్న పుట్టినవి కావు. న్యూయార్క్‌లోది 1978 నుంచి, శాన్‌ఫ్రాన్సిస్కోలోది (ఇప్పుడు క్యామ్‌ఫెస్ట్ అంటున్నారు) 1982 నుంచి, లాస్ ఏంజెలెస్‌లోది 1983 నుంచి నడుస్తున్నాయి. సియాటెల్‌లో తస్వీర్ అనే సంస్థ 2002లో మొదలైంది, దాని ఫెస్టివల్ పూర్తిగా దక్షిణాసియా సినిమాలకే, పైగా 2023 నుంచి అక్కడ షార్ట్స్‌లో అర్హత అవార్డు గెలిస్తే ఆస్కార్ పోటీకి వెళ్లొచ్చు. రెడ్‌మండ్‌లోనో బెల్‌వ్యూలోనో ఉండే తెలుగువాళ్లకి అది కారులో వెళ్లొచ్చే దూరం. ఎంతమంది వెళ్తున్నారో నన్నడక్కండి. అక్కడ హాల్లో కూర్చున్నవాళ్లకి ‘స్నానం చేశావా’ ఎందుకు నవ్వో ఎవరూ చెప్పక్కర్లేదు, కొరియన్ అమ్మాయి కూడా నవ్వుతుంది, వాళ్లింట్లోనూ ఏదో ఒకటి ముట్టుకోకూడదు కాబట్టి. లోపాలు లేకపోలేదు. ఒక్కో షోలో ఏడెనిమిది షార్ట్స్ కలిపి వేస్తారు, హాల్లో సగం మంది తీసినవాళ్ల చుట్టాలే ఉంటారు, గుర్తింపు, వలస, అమ్మతో గొడవ లాంటి కథలకి ఇక్కడా కాస్త మొగ్గు ఎక్కువ. కానీ తర్వాతి సినిమాకి కెమెరామన్, నటి, ఎడిటర్ దొరికేది ఆ హాలు బయట నిలబడి మాట్లాడుకునే అరగంటలోనే.

మరి యూట్యూబ్? దాన్ని తీసిపారేసేవాళ్లు వాంగ్ ఫూ ప్రొడక్షన్స్ చూడాలి. శాన్‌డియాగోలో చదువుకునే ముగ్గురు కుర్రాళ్లు 2003లో మొదలుపెట్టారు, అప్పటికి యూట్యూబే పుట్టలేదు. వాళ్ల షార్ట్స్‌లో ఏషియన్ అబ్బాయికీ ఏషియన్ అమ్మాయికీ ప్రేమ పుడుతుంది, విడిపోతారు, అంతే. జాతి గురించి చర్చ ఉన్నవీ ఉన్నాయి గానీ, ఎక్కువమందికి గుర్తుండేది మామూలు ప్రేమకథలే. ఇప్పుడు 30 లక్షల మందికి పైగా సబ్‌స్క్రైబర్లు. 2015లో వచ్చిన వాళ్ల ఫీచర్ తీయడానికి ఆ ప్రేక్షకులే 3 లక్షల డాలర్లకి పైగా చందా వేశారు. మరి అప్పట్లో హాలీవుడ్ ఏం చేసిందంటే, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు 2021లో లెక్క తీశారు: 2007 నుంచి 2019 దాకా బాగా ఆడిన 1,300 సినిమాల్లో ఏషియన్ లేదా పసిఫిక్ దీవుల మూలాలున్నవాళ్లు ప్రధాన పాత్ర చేసినవి 44, అందులో 14 డ్వేన్ జాన్సన్‌వే. ఆ ఒక్కణ్నీ పక్కన పెడితే మిగిలేది 30. అలాంటి కాలంలో ఏషియన్ మొహాన్ని మామూలు హీరోగా చూపించింది యూట్యూబే.

అయితే వాళ్లు ఏళ్ల తరబడి ఆపకుండా తీశారు. ఏడాదికి ఒక షార్ట్ తీసే మనలాంటివాళ్లకి ఆ లెక్క కుదరదు, నాలుగు రోజులు వ్యూస్ పెరిగి, మామయ్య ‘సూపర్’ అని కామెంట్ పెట్టి, అక్కడితో ఆగిపోతుంది. పైగా ముందు ఆన్‌లైన్‌లో పెట్టేస్తే కొన్ని తలుపులు మూసుకుంటాయి. ఆస్కార్‌కి 40 నిమిషాల లోపు ఉండటం ఒక్కటే చాలదు, అర్హత తెచ్చే అవార్డో థియేటర్ రన్నో రాకముందు ఇంటర్నెట్‌లో పూర్తిగా చూపించి ఉండకూడదు. సన్‌డాన్స్ మాత్రం షార్ట్స్ విషయంలో ఈ పట్టింపు పెట్టుకోదు, ఆన్‌లైన్‌లో ఉన్నా తీసుకుంటుంది. ఫెస్టివల్ తర్వాత యూట్యూబ్‌లో పెట్టడానికి మాత్రం ఎప్పుడూ అడ్డులేదు, మీ బ్యాక్‌గ్రౌండ్‌లో ఇళయరాజా పాట లేకపోతే. ఉంటే ఆ పాట ఇప్పుడే తీసేయండి, ఏ దారిలో వెళ్లినా దాని కాపీరైట్ అడ్డు తగులుతుంది.

ఒక్క సందర్భంలో నా వరస తిరగేస్తా. డాలస్‌లో నలుగురు రూమ్మేట్లు, పచ్చళ్ల పార్సిల్, హెచ్1బీ లాటరీ జోకులు, పూర్తిగా తెలుగులో, చూసేదీ తెలుగువాళ్లే అనుకుంటే ఫెస్టివల్ ఫీజులు దండగ. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ మాత్రం శ్రద్ధగా వేసి, శుక్రవారం సాయంత్రం యూట్యూబ్‌లో పెట్టేయండి.