ఇండోర్ క్రీడల ఫొటోలకు ఏది మేలు: ఫుల్‌ఫ్రేమ్ బాడీయా, ఎఫ్ 1.8 లెన్సా?

బ్యాడ్మింటన్, బాస్కెట్‌బాల్, వాలీబాల్ వంటి ఆటలను ఫొటోలు తీయాలని కొత్తగా ఉత్సాహపడుతున్నవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. చేతిలో ఉన్న డబ్బును ఫుల్‌ఫ్రేమ్ బాడీ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా), దానితో వచ్చే కిట్ లెన్స్ (బాడీతో కలిపి అమ్మే మామూలు జూమ్) మీద పెట్టడం మేలా, లేక ఏపీఎస్-సీ బాడీతో (దానికన్నా చిన్న సెన్సర్ ఉన్నది) సరిపెట్టుకుని మిగిలినదానితో ఎఫ్ 1.8 ప్రైమ్ లెన్స్ (జూమ్ లేకుండా, వెలుతురును ఎక్కువగా రానిచ్చేది) కొనడం మేలా? నేను మొదట మొదటి దారినే పట్టి, కొన్ని నెలలకు రెండో దారికి వచ్చినవాణ్ణి కనుక నా మొగ్గు ఎటో దాచడం కుదరదు. అయినా మొదటి దారిలో ఉన్న సుఖాలను తక్కువ చేసి చెప్పను.

స్మాష్ కొట్టే చేతిని, రాకెట్‌ను మసక లేకుండా నిలపాలంటే 1/1000 సెకను లేదా అంతకన్నా ఎక్కువ షట్టర్ వేగం కావాలి. బాస్కెట్‌బాల్, వాలీబాల్‌లలో 1/640తోనో 1/800తోనో నెట్టుకురావచ్చు. ఇమేజ్ స్టెబిలైజేషన్ మన చేతి వణుకును సరిదిద్దుతుందే గాని ఆటగాడి కదలికను ఆపలేదు, ఫ్లాష్‌ను చాలా పోటీల్లో అనుమతించరు. అంటే షట్టర్ విషయంలో బేరం లేదు, వెలుతురు లోటును అపర్చర్‌తోనో (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ సంఖ్య చిన్నదైతే అది పెద్దది) ఐఎస్ఓతోనో (సెన్సర్ సున్నితత్వం, పెంచితే ఫొటోలో నాయిస్, అంటే గరుకు చుక్కలు, పెరుగుతాయి) పూడ్చుకోవాల్సిందే. నా దృష్టిలో ఈ ఎంపికను తేల్చేది ఇదొక్కటే.

ఒక హాలులో ఎఫ్ 2.8, 1/800 దగ్గర ఐఎస్ఓ 6400తో ఫొటో సరిగ్గా వస్తోందనుకుందాం. అదే వేగానికి, కిట్ జూమ్‌ను చివరిదాకా లాగి ఎఫ్ 5.6 దగ్గర తీస్తే ఐఎస్ఓ 25,600కు వెళ్లక తప్పదు, ఎఫ్ 1.8 లెన్స్‌తో సుమారు 2,500 చాలు. చిన్న ఫుల్‌ఫ్రేమ్ బాడీలతో వచ్చే కిట్ లెన్స్‌లలో నికాన్ 24-50 చివర్లో ఎఫ్ 6.3కు, కెనాన్ ఆర్ఎఫ్ 24-105 చవక రకం ఎఫ్ 7.1కు దిగిపోతాయి కనుక ఎఫ్ 5.6 అనడం ఉదారమైన లెక్కే. ఇక ఫుల్‌ఫ్రేమ్ పక్షాన చెప్పేది సెన్సర్ వైశాల్యం గురించి. 36×24 మి.మీ. సెన్సర్, 23.5×15.6 మి.మీ. ఏపీఎస్-సీ సెన్సర్ కన్నా సుమారు 2.35 రెట్లు పెద్దది, అంటే నాయిస్ విషయంలో ఒక స్టాపు (వెలుతురు రెట్టింపు కావడంతో సమానం) పైచిలుకు లాభం. కానీ ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 1.8కి రావడం మూడు స్టాపులకు మించిన లాభం. ఒకదానిలోంచి మరొకటి తీసేసినా చిన్న సెన్సర్ మీద పెట్టిన ఎఫ్ 1.8 లెన్స్ ఇంకా రెండు స్టాపులు ముందే ఉంటుంది. నేను కొత్త బాడీతో తెచ్చిన తొలి ఫొటోల్లో ముఖాలు స్పష్టంగా ఉండి చేతులన్నీ అలుక్కుపోవడానికి కారణం, ఐఎస్ఓ పెంచడానికి జంకి షట్టర్‌ను 1/250కి దించడమేనని ఈ లెక్క వేశాకే అర్థమైంది.

ఫుల్‌ఫ్రేమ్ వైపు బలమైన వాదన ఇంకొకటుంది. 2023 ఏప్రిల్‌లో, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లోకి వచ్చిన ఏఐ డీనాయిస్ (నాయిస్‌ను తగ్గించేది) వంటి సాధనాలతో ఐఎస్ఓ 25,600 రా ఫైలును (కెమెరా దిద్దకుండా దాచిన ఫొటో ఫైలు) కూడా చూడదగ్గ ఫొటోగా మార్చుకోవచ్చు. ఇది నిజమే. అయితే గ్యాలరీలోని కుర్చీలు, గోడల మీది బ్యానర్లు ఆటగాడి వెనుక కొట్టొచ్చినట్టు కనబడడాన్ని ఏ డీనాయిసూ తగ్గించదు, తక్కువ వెలుతురులో ఫోకస్ తడబడడాన్ని అసలే సరిదిద్దదు. మెరుగైన వ్యూఫైండర్, ఆటగాణ్ణి వదలకుండా వెంబడించే ఫోకస్ ఖరీదైన బాడీల్లో తప్పక బాగుంటాయి కాని, కొన్నేళ్లు గడిస్తే బాడీ పాతబడుతుంది, మంచి లెన్స్ తరువాతి బాడీకి కూడా పనికొస్తుంది. ఒక్క హెచ్చరిక మాత్రం అవసరం: చవక ప్రైమ్‌లలో కొన్నింటి ఫోకస్ మోటారు నెమ్మది, కొనేముందు కదిలే మనిషి మీద పరీక్షించాలి.

ప్రైమ్ అనుకున్నాక 50 మి.మీ.నా, 85 మి.మీ.నా (ఈ సంఖ్య పెరిగేకొద్దీ దూరపుది దగ్గరగా కనబడి, ఫ్రేములో పట్టేది తగ్గుతుంది) అన్న సందేహం వస్తుంది. ఏపీఎస్-సీ మీద కెమెరాను నిలువుగా పట్టుకుని ఆరు మీటర్ల దూరం నుంచి తీస్తే 85 మి.మీ. ఫ్రేములో పట్టే ఎత్తు 1.7 మీటర్లకు మించదు, రింగు కింద ఎగిరిన ఆటగాడి చేతులో కాళ్లో తెగిపోతాయి, 50 మి.మీ. అయితే 2.8 మీటర్లు పడుతుంది. కనుక బేస్‌లైన్ దగ్గర కూర్చుని బాస్కెట్‌బాల్ తీసేవారికి 50 నయం. 13.4 మీటర్ల బ్యాడ్మింటన్ కోర్టు చివర నుంచి నెట్ అవతలి ఆటగాణ్ణి ముఖాముఖిగా తీసేవారికి 85 చక్కగా అమరుతుంది. ఎఫ్ 1.8తో ఫోకస్ లోతు వెంట్రుకంత ఉంటుందని భయపడేవారున్నారు. ఈ దూరాల్లో అది సుమారు ఒక మీటరు ఉంటుంది కనుక మనిషి ఒంటికి సరిపోతుంది. 28 మీటర్ల బాస్కెట్‌బాల్ కోర్టులో అవతలి రింగు దగ్గర జరిగేదాన్ని మాత్రం మనసు రాయి చేసుకుని వదిలేయాలి.

బాడీ ఏదైనా యాంటీ ఫ్లికర్ సదుపాయం (దీపాల మినుకుకు తగ్గట్టు షట్టర్‌ను సరిపెట్టేది) ఉందో లేదో చూసుకోవడం మంచిది. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే పాతరకం హాలు దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1/1000 దగ్గర ఒక ఫొటో వెలుగుగా, మరొకటి పచ్చగానో చీకటిగానో రావడానికి అదే కారణం. కెనాన్ 7డీ మార్క్ 2తో 2014లోనే వచ్చిన ఈ సదుపాయం ఇప్పుడు చాలా మధ్యరకం బాడీల్లో ఉంది. వీడియో కోసం తయారైన కొన్ని చిన్న బాడీల్లో మెకానికల్ షట్టర్ ఉండదు. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో రాకెట్ వంకరపోయి, ఎల్ఈడీ దీపాల కింద చారలు పడే అవకాశముంది కనుక అవి ఈ పనికి వద్దు.

మొబైల్ ఫోన్లు, బ్రిడ్జ్ కెమెరాలు (లెన్స్ మార్చలేని పెద్ద జూమ్ కెమెరాలు) ఈ పోటీలో నిలవవు. మైక్రో ఫోర్‌థర్డ్స్ (ఏపీఎస్-సీ కన్నా చిన్న సెన్సర్ రకం) కెమెరా ఇప్పటికే చేతిలో ఉంటే దానికీ ఎఫ్ 1.8 లెన్స్ పెట్టుకోండి, లేకపోతే దీనికోసం ఆ వైపు వెళ్లనక్కర్లేదు.

ఇక 70-200 ఎఫ్ 2.8 జూమ్. కోర్టు పక్కన నిలబడనివ్వక ఎప్పుడూ గ్యాలరీలోంచే తీయాల్సినవారికి నా సలహా పనికిరాదు. కిలో నుంచి కిలోన్నర బరువును మ్యాచ్ అంతా మోయగలిగితే, బాడీని ఇంకాస్త పాతదానికి దించుకునైనా ఈ జూమ్‌నే కొనాలి. కోర్టు పక్కకు రానిచ్చే చోట మాత్రం అది ఎఫ్ 1.8 కన్నా ఒకటింపావు స్టాపు వెనుకబడే ఉంటుంది.