ఆరుగురు ఆడవాళ్లు, ఒక నీలం పెట్టె: ‘వెరిటీ!’ పాడ్‌కాస్ట్ ఎలా వినాలి

‘డాక్టర్ హూ’ బీబీసీ వారి సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్. కాలంలో ప్రయాణించే ‘డాక్టర్’ అందులో ప్రధాన పాత్ర, ఆ పాత్ర వేసే నటులు మారుతూ ఉంటారు. దాని మీద పాడ్‌కాస్టులకు కొదవ లేదు. వాటిలో ఒక్కదానికే తీరిక ఉందనేవాళ్లకు మా సలహా ‘వెరిటీ!’. ఆశ్చర్యార్థకంతో కలిపే దాని పేరు. డెబ్ స్టానిష్, ఎరికా ఎన్‌సైన్, కత్రినా గ్రిఫిత్స్, లిజ్ మైల్స్, లిన్ ఎం. థామస్, టాన్సీ రేనర్ రాబర్ట్స్ కలిసి మొదలుపెట్టిన షో ఇది. వీళ్లు అమెరికా, కెనడా, స్కాట్లండ్, ఆస్ట్రేలియాల్లో ఉంటూ ఇంటర్నెట్ కాల్‌లో కలుసుకుని మాట్లాడతారు. అభిమానులు డబ్బు కోసం కాకుండా చేసే షోలకు, సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డుల్లో ‘బెస్ట్ ఫ్యాన్‌కాస్ట్’ అని ఒక విభాగం ఉంది. 2014లోనూ 2018లోనూ ‘వెరిటీ!’ దాని తుది జాబితాకు చేరింది.

ముందు ఆ పేరు సంగతి. వెరిటీ లాంబర్ట్ ‘డాక్టర్ హూ’ తొలి నిర్మాత. 1963 నవంబర్ 23న మొదటి ఎపిసోడ్ ప్రసారమయ్యే నాటికి ఆవిడకు 28 నిండడానికి ఇంకా నాలుగు రోజులుంది. అప్పటి బీబీసీ నాటక విభాగంలో నిర్మాత కుర్చీలో ఉన్న ఏకైక మహిళ ఆవిడే. ఆ మొదటి కథకు దర్శకుడు వారిస్ హుసేన్. లక్నోలో పుట్టినవాడు, రచయిత్రి అతియా హొసేన్ కొడుకు, అప్పటికి 24 ఏళ్లు. పెద్దవాళ్లు అంతగా పట్టించుకోని ఒక పిల్లల కార్యక్రమాన్ని ఈ ఇద్దరు కుర్రవాళ్ల చేతిలో పెడితే అది 1989 దాకా 26 సీజన్లు నడిచింది. 2005లో మళ్లీ మొదలైంది. లాంబర్ట్ పేరు పెట్టుకోవడం వల్ల ఈ పాడ్‌కాస్ట్ ఒక విషయం వాదించకుండానే తేల్చేసింది: ఈ సీరియల్లో ఆడవాళ్లు మొదటిరోజు నుంచీ ఉన్నారు.

షో వెనక రెండు పుస్తకాలున్నాయి. లిన్ థామస్, తారా ఓషే సంపాదకత్వంలో 2010లో వచ్చిన ‘చిక్స్ డిగ్ టైమ్ లార్డ్స్’ మహిళా అభిమానుల వ్యాసాల సంకలనం. 2011లో దానికి హ్యూగో వచ్చింది. 2012లో స్టానిష్, మైల్స్ కలిసి తెచ్చిన ‘చిక్స్ అన్‌రావెల్ టైమ్’లో ఒక్కో సీజన్‌ను ఒక్కో రచయిత్రి పట్టుకుని విడదీసింది. అంటే మైకు ముందుకు రాకముందే వీళ్లు ఈ సీరియల్‌ను కాగితం మీద చీల్చి చూసినవాళ్లు. ఆ అలవాటు మాటల్లో తెలుస్తుంది. ఒక కథ నచ్చలేదంటే ఎక్కడ నచ్చలేదో చెప్తారు: స్క్రిప్టులోనా, వేగంలోనా, మూడో భాగంలో కథ ఆగిపోయి అందరూ నడవాల్లో పరుగెత్తడంలోనా.

ఎపిసోడ్ సుమారు గంట. మొదట ఒక్కొక్కరూ తలా ఒక ‘హ్యాపీ థింగ్’ చెప్తారు. ఆ మధ్య ‘డాక్టర్ హూ’కు సంబంధించి తమకు సంతోషం కలిగించింది ఏదైనా సరే. కొత్త శ్రోతలు దీన్ని దాటవేసి అసలు చర్చకు వెళ్లిపోతుంటారు. అది పొరపాటు. గొంతులు ఒక్కొక్కటిగా, పేరుతో సహా, మీద మీద పడకుండా వినిపించేది ఆ కాసేపే. ఎవరి గొంతు ఎవరిదో అక్కడ పట్టుకోకపోతే తర్వాత ఇద్దరు వాదించుకుంటున్నప్పుడు ఎవరు ఏ పక్షమో తెలియక సగం రుచి పోతుంది. లిజ్ స్కాటిష్ యాస, టాన్సీ ఆస్ట్రేలియా యాస తేలిగ్గానే దొరుకుతాయి. ఉత్తర అమెరికా గొంతులు నాలుగింటిని విడివిడిగా గుర్తుపట్టడానికి నాలుగైదు ఎపిసోడ్లు పడుతుంది.

ఆరుగురూ ప్రతిసారీ ఉండరు. మామూలుగా ముగ్గురో నలుగురో వంతులవారీగా వస్తారు. దీనికి ఒక కారణం గడియారం: టాస్మానియాకూ పశ్చిమ కెనడాకూ కాలాన్ని బట్టి పదహారు నుంచి పద్దెనిమిది గంటల తేడా. రెండో కారణం ఇంకా ముఖ్యం. ఇంటర్నెట్ కాల్‌లో మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటిందంటే మనుషులు ఒకరి మాట మీద ఒకరు పడటం మొదలవుతుంది. మాట్లాడేవాళ్లు పెరిగేకొద్దీ ఆ తొక్కిసలాట పెరుగుతుంది. మామూలుగా నలుగురిని మించనివ్వకపోవడం ఈ షో చేసిన మంచి పనుల్లో ఒకటి. పైగా జట్టు మారుతూ ఉంటుంది కాబట్టి ఫలానా కథ మీద ‘వెరిటీ! అభిప్రాయం’ అనేది ఒకటి గట్టిపడిపోదు. ఒక జట్టు తీసిపారేసిన డాక్టర్‌ను తర్వాతి జట్టు నెత్తిన పెట్టుకోవచ్చు.

శబ్దం సంగతి. ఇది స్టూడియో షో కాదు, ఎవరింట్లో వాళ్లు కూర్చుని మాట్లాడేది. తొలి ఎపిసోడ్లకూ తర్వాతి వాటికీ నాణ్యతలో తేడా ఉంటుంది. ఒక గొంతు దగ్గరగా, ఇంకొకటి డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తే మీ ఇయర్‌ఫోన్లను అనుమానించకండి. యాప్‌లో నిశ్శబ్దాలను కత్తిరించే సెట్టింగ్ ఉంటే ఈ షోకు దాన్ని ఆపేయండి. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉన్న చిన్న విరామాన్ని అది మింగేస్తుంది, నవ్వు ముందొచ్చి మాట వెనకొచ్చినట్టవుతుంది. యాస కష్టమనిపిస్తే వేగం 0.9కి తగ్గించండి. ఐఫోన్ ఉంటే ఇంకా తేలిక: 2024 మార్చి నుంచి ఆపిల్ పాడ్‌కాస్ట్స్ ఇంగ్లిష్ షోలకు తానే రాతప్రతి తయారుచేసి చూపిస్తోంది. గ్రహాల పేర్లను, రాక్షసుల పేర్లను అది ఘోరంగా రాస్తుంది గానీ వాక్యం పట్టుకోవడానికి చాలు.

ఇప్పుడు అసలు చిక్కు: ఎక్కడ మొదలుపెట్టాలి? కొత్తవాళ్లు యాప్ తెరిచి పైనున్న తాజా ఎపిసోడ్ నొక్కుతారు, పది నిమిషాల్లో పేర్ల వరదలో కొట్టుకుపోతారు. ఈ షోకు ఎపిసోడ్ నంబర్లు దారి చూపవు, కథ పేర్లు చూపుతాయి. ముందు ఒక కథ చూడాలి, తర్వాతే దాని మీద చర్చ వినాలి. వీళ్లు కథాంశం మళ్లీ చెప్పరు, ముగింపు దాచరు. ఒక్కోసారి వేరే కథల ముగింపులు కూడా మాట మధ్యలో చెప్పేస్తారు. ఇది లోపమే, కానీ అరవై ఏళ్ల సీరియల్ మీద తెలిసినవాళ్లు తెలిసినవాళ్లతో మాట్లాడే షోలో తప్పించుకోలేనిది.

మనవాళ్లకు తగిన మొదటి కథ ‘డీమన్స్ ఆఫ్ ద పంజాబ్’. వినయ్ పటేల్ రాశాడు, 2018 నవంబర్ 11న వచ్చింది. డాక్టర్‌గా తొలి మహిళ జోడీ విట్టకర్ నటించిన సీజన్‌లోది, ఒకే ఎపిసోడ్‌లో ముగుస్తుంది. యాస్మిన్ ఖాన్ అనే అమ్మాయి తన అమ్మమ్మ గతం తెలుసుకోవాలని 1947 ఆగస్టుకు వెళ్తుంది. అక్కడ ముస్లిం పిల్ల ఉంబ్రీన్‌కూ హిందూ యువకుడు ప్రేమ్‌కూ పెళ్లి జరగబోతోంది, దేశం రెండుగా చీలబోతోంది. స్పెయిన్‌లో తీశారు. సీరియల్ గురించి ఏమీ తెలియకపోయినా అర్థమవుతుంది. తెలియాల్సింది ఒక్కటే: ఆ నీలం పోలీసు పెట్టె కాలంలో ప్రయాణించే వాహనం, బయటికంటే లోపల పెద్దది. చూశాక ‘వెరిటీ!’లో దాని చర్చ వినండి. మనకు ఇంట్లో పెద్దవాళ్ల నోట, బడి పుస్తకాల్లో తెలిసిన విభజనను ఈ చర్చ పక్కన మనమే పెట్టుకోవాలి. షో మొదలుపెట్టిన ఆరుగురిలో మన దేశపు మనిషి లేరు.

రెండోది 1963 నాటి ‘యాన్ అనర్త్‌లీ చైల్డ్’. నాలుగు భాగాలు, ఒక్కోటి 25 నిమిషాలు. మొదటి భాగం ఈనాటికీ అద్భుతం. మిగతా మూడూ రాతియుగంలో నిప్పు కోసం కొట్లాట, నెమ్మదిగా సాగుతాయి. మూడోది 1964 నాటి ‘ది అజ్‌టెక్స్’: చరిత్ర పంతులమ్మ బార్బరా నరబలిని ఆపాలని చూస్తుంది, చరిత్రను మార్చకూడదని డాక్టర్ అడ్డుపడతాడు. ఈ పాత కథలను ఒక్క పెట్టున చూడొద్దు. వారానికి ఒక భాగం చొప్పున ప్రసారానికి రాసినవి, ప్రతి భాగం చివర ఒక గండం, మరుసటి భాగం మొదట్లో అదే గండం మళ్లీ. వరసపెట్టి చూస్తే విసుగొచ్చేది అందుకే. రోజుకు ఒక భాగం హాయిగా ఉంటుంది.

ఇక్కడ ‘మార్కో పోలో’ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేం. 1964 నాటి ఏడు భాగాల కథ, అందులో ఆరింటికి దర్శకుడు వారిస్ హుసేనే. ఒక్క భాగం వీడియో కూడా మిగల్లేదు. ఆ రోజుల్లో బీబీసీ టేపులు చెరిపి మళ్లీ వాడుకునేది. టేపు ఖరీదైనది, మళ్లీ ప్రసారం చేయడానికి ఒప్పందాలు అంతంతమాత్రం, దాచడం ఎందుకనుకున్నారు. అలా 1960ల నాటి ఎపిసోడ్లు 90కి పైగా పోయాయి. కానీ పోయిన ప్రతి ఎపిసోడ్‌కూ శబ్దం మిగిలింది. ఇళ్లలో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని రికార్డు చేసుకున్న అభిమానుల వల్ల. ఆ శబ్దానికి నిశ్చల చిత్రాలు జోడించి అభిమానులే చేసుకున్న రూపాన్ని ‘రీకన్’ అంటారు. చర్చల్లో ఆ మాట వినబడితే అర్థం ఇది. ఈ సీరియల్ తొలి సంవత్సరాల్లో మిగిలినదాంట్లో పెద్ద వాటా చెవులతో వినాల్సిందే. అలాంటి అభిమానానికి పాడ్‌కాస్ట్ అచ్చంగా సరిపోయిన రూపం.

ఇంకొన్ని మాటలు ముందే తెలిసి ఉంటే నయం. ‘క్లాసిక్’ అంటే 1963–1989, ‘న్యూ’ అంటే 2005 తర్వాత. ‘రీజెనరేషన్’ అంటే చనిపోబోతూ డాక్టర్ కొత్త శరీరంలోకి మారడం, 1966లో నటుడు మారాల్సి వచ్చినప్పుడు పుట్టిన ఉపాయం. ‘హెడ్‌కానన్’ అంటే తెర మీద చెప్పకపోయినా ప్రేక్షకురాలు తన మనసులో ఖాయం చేసుకున్న సంగతి.

వెతుకులాటలో వచ్చే ఇబ్బంది ఒకటుంది. యాప్‌లో పాత ఎపిసోడ్లు కనబడకపోతే అవి పోయినట్టు కాదు. షో పంపే ఫీడ్‌లో, అంటే యాప్‌కు అందే ఎపిసోడ్ల జాబితాలో, కొన్నిసార్లు ఇటీవలి కొన్ని వందల ఎపిసోడ్లే ఉంటాయి, యాప్ దాన్నే చూపిస్తుంది. అప్పుడు షో సొంత సైట్‌కు వెళ్లి కథ పేరుతో వెతికి ఫైలు దించుకోవాలి. ఎక్కడో పాత లింకు నొక్కితే ఏమీ రాకపోతే అది స్టిచర్‌దో గూగుల్ పాడ్‌కాస్ట్స్‌దో అయి ఉంటుంది. మొదటిది 2023లో, రెండోది 2024లో మూతబడ్డాయి. ఆండ్రాయిడ్‌లో యాంటెన్నాపాడ్ అనే పాడ్‌కాస్ట్ యాప్ ఉచితం, ప్రకటనలు లేవు. డేటా లెక్క: గంట ఎపిసోడ్ 64 కేబీపీఎస్ అయితే దాదాపు 29 ఎంబీ, 128 అయితే 58 ఎంబీ.

‘డాక్టర్ హూ’ పడనివాళ్లకు వేరేవి ఉన్నాయి. ‘గెలాక్టిక్ సబర్బియా’ ముగ్గురు ఆస్ట్రేలియన్లది: అలీసా క్రాస్నోస్టీన్, అలెగ్జాండ్రా పియర్స్, మళ్లీ టాన్సీ. 2015లో బెస్ట్ ఫ్యాన్‌కాస్ట్ హ్యూగో దీనికే వచ్చింది. ‘కల్చర్ కన్స్యూమ్డ్’ అనే భాగంలో తాము చదివినవీ చూసినవీ వరసగా చెప్తారు. పక్కన కాగితం పెట్టుకుని వినాలి. సైన్స్ ఫిక్షన్ చదివే అలవాటు ఉన్నవాళ్లకు ‘వెరిటీ!’ కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది. అప్పటి అవార్డుల గొడవలు, ప్రచురణరంగం వార్తలు మాత్రం పాతబడ్డాయి, వాటిని దాటేయొచ్చు.

‘హ్యూగో, గర్ల్!’ 2023లో అదే అవార్డు గెలిచింది. హేలీ జాపాల్, ఏమీ సాలీ, లోరీ ఆండర్సన్ హ్యూగో గెలిచిన నవలలను ఒక్కొక్కటిగా చదివి అందులోని ఆడ పాత్రలను నిలబెట్టి చూస్తారు. భాష ఘాటుగా ఉంటుంది, ఇంట్లో పిల్లలుంటే ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. నవల చదవకపోయినా అర్థమయ్యేలా మాట్లాడతారు కాబట్టి ఈ తరహా షోలు అసలు విననివాళ్లకు మూడింటిలో ఇదే తేలిక.

విభజన కథ దగ్గర మిగిలిపోయిన వెలితిని కొంత తీర్చేది ‘మార్జినల్లీ ఫ్యానిష్’. ముంబైకి చెందిన పరిణీతా శెట్టి ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పరిశోధనలో భాగంగా 2020లో నడిపిన షో. ప్రతిసారీ వేర్వేరు అభిమానులతో కూర్చుని ‘డాక్టర్ హూ’, ‘హ్యారీ పోటర్’ లోకాల్లో జాతి, మతం, లింగం, వర్గం ఎలా కనబడతాయో మాట్లాడుతుంది. పరిశోధన కాబట్టి అక్కడక్కడా పాఠంలా నడుస్తుంది, ‘వెరిటీ!’లోని నవ్వులు ఇందులో తక్కువ. అయినా ‘డీమన్స్ ఆఫ్ ద పంజాబ్’ చూసి, ‘వెరిటీ!’ చర్చ విన్నాక, మూడోదిగా దీనికి రండి. ఆ వరసలోనే వినండి. దీన్ని ముందు వింటే ఇందులో దేని మీద మాట్లాడుతున్నారో సగం అందదు.