అబద్ధం పట్టాలంటే ముఖం చూడాలా, మాట వినాలా?

అనుమానం రాగానే మనం ముందు ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తాం. నా ఓటు మాత్రం మాటకే.

శ్రమ: ముఖం చూడటానికి క్షణం చాలు. మాట వినాలంటే ఓపిక కావాలి, అడ్డు తగలకుండా మొత్తం చెప్పనివ్వాలి.

నమ్మకం: అసలు తేడా ఇక్కడే. చూపు తిప్పుకోవడం, తడబడటం, చెమట పట్టడం టెన్షన్‌కి గుర్తులు. నింద పడుతుందన్న భయంతో నిజం చెప్పేవాళ్లూ అలాగే ఉంటారు. బాండ్, డిపౌలో అనే పరిశోధకులు ఎన్నో అధ్యయనాలను కలిపి 2006లో తేల్చింది ఏమిటంటే, వేరే ఆధారం లేకుండా జనం నిజాన్నీ అబద్ధాన్నీ సరిగ్గా పోల్చుకునేది సగటున 54 శాతమే. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. మాటల్లో అయితే పట్టు దొరుకుతుంది. "నిన్న ఆఫీసులోనే ఉన్నాను" అంటే, "పక్క సీట్లో ఎవరున్నారు? ఎన్నింటికి బయల్దేరారు?" అని మామూలుగా అడగండి. అల్లిన కథలో ఊహించని ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండదు. జవాబు వచ్చినా సరిచూసుకోవచ్చు.

రిస్కు: ముఖం చూసి తీర్పు చెబితే బిడియస్తులు బలవుతారు. ప్రశ్నలు మరీ గుచ్చితే మనసు విరుగుతుంది. చిన్న వివరం మరిచిపోవడం అబద్ధం కాదు.

బాగా తెలిసిన మనిషైతే, ఎప్పటిలా లేరన్న తేడా గమనించడానికి ముఖం పనికొస్తుంది. కొత్తవాళ్లతో, డబ్బు వ్యవహారాల్లో మాటనే పట్టుకోండి.